మాంసకృత్తుల మైత్రిని కొలిచే కాంతి

పత్తికీ, మిరపకూ పేరుపొందిన నల్లరేగడి ప్రాంతం మనది. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట, సత్తెనపల్లి పరిసరాలలో పంట ఇంటికి చేరునో లేదో నిర్ణయించే సంఘటనలలో కొన్ని కంటికి కనబడనివి. పత్తికాయను తొలిచిన పురుగు కడుపులో ఒక మాంసకృత్తు మరొక మాంసకృత్తును పట్టుకొన్నచో పురుగు చచ్చును. పట్టుకొనలేకపోయినచో కాయ పాడగును. రైతు ఏడాది కష్టమంతయు ఈ సూక్ష్మమైన పట్టుపై ఆధారపడి ఉన్నది.

మరి ఆ పట్టు ఎంత గట్టిది? ఎంత త్వరగా ఏర్పడును? ఎంతసేపు నిలుచును? ఈ ప్రశ్నలకు కాంతి సహాయంతో సమాధానం చెప్పగల పరికరం ఒకటి కలదు. దాని పద్ధతిని 'ఉపరితల ప్లాస్మాను అనునాదం' అంటారు. పేరు కఠినమైనను విషయం కఠినమైనది కాదు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో వక్రీభవనం చదివిన విద్యార్థికి సులభంగా బోధపడునట్లు దానిని వివరించడం, మన పత్తి, మిరప పంటలతో దానికి గల సంబంధాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పురుగు కడుపులో తాళం, తాళంచెవి

1901లో జపాను శాస్త్రజ్ఞుడు ఇషివాటా పట్టుపురుగులను చంపుచున్న ఒక సూక్ష్మజీవిని గుర్తించినాడు. 1911లో జర్మనీలో బెర్లీనర్ పిండిపురుగులో అటువంటి దానినే కనుగొని 'బాసిల్లస్ తురింజియెన్సిస్' అని పేరు పెట్టినాడు. మన రైతులు నేడు 'బీటీ' అంటున్న రెండక్షరాలు ఆ పేరునకు సంక్షిప్త రూపమే. ఈ సూక్ష్మజీవి తన శరీరంలో స్ఫటికాల రూపంలో కొన్ని మాంసకృత్తులను తయారుచేయును. వానికి 'క్రై' మాంసకృత్తులని పేరు. పత్తిలో ప్రవేశపెట్టబడిన మొదటిది క్రై1ఏసీ.

గొంగళిపురుగు మధ్యాంత్రంలో ద్రవం క్షారగుణం కలది. అక్కడ ఈ మాంసకృత్తు కరిగి, జీర్ణరసాలచేత కత్తిరింపబడి, చురుకైన రూపం పొందును. తరువాత పేగు గోడ మీది కణాలపై ఉన్న కొన్ని మాంసకృత్తులను పట్టుకొనును. వీనిని 'గ్రాహకాలు' అంటారు. కాడ్‌హెరిన్, అమైనోపెప్టిడేజ్ అనునవి వీనిలో ముఖ్యమైనవి. పట్టు కుదిరిన పిమ్మట పేగు కణాలకు రంధ్రాలు పడి, పురుగు మేత మాని చచ్చును. మనుష్యుల పేగులలో అట్టి గ్రాహకాలు లేవు. ఒక తాళంచెవి ఒక తాళాన్నే తెరచునట్లు ఈ విషం తనకు తగిన గ్రాహకం గల పురుగునే చంపగలదు.

మన జిల్లాలకు ఇది పుస్తకాలలోని ముచ్చట మాత్రమే కాదు. 1987-88లో తెల్లదోమ ఉధృతికి పత్తి దెబ్బతిని, అప్పుల భారం తాళలేక గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకొన్న ఉదంతాలను పెద్దలు నేటికీ మరువలేదు. శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగకపోవడం దేశంలో మొదట బయటపడిన చోట్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదియు ఆ కాలమందే. మందు పెరిగినకొద్దీ అప్పు పెరిగినది గాని పురుగు తగ్గలేదు. అటువంటి నేపథ్యంలో 2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించినది. 2006లో క్రై1ఏసీతోపాటు క్రై2ఏబీ అను రెండవ మాంసకృత్తు కలిగిన పత్తి వచ్చినది. మందు డబ్బాలోని విషానికి బదులు మొక్కలోని మాంసకృత్తుపై రైతు ఆశ పెట్టుకొన్నాడు. ఆ ఆశ ఎంత గట్టిదో తెలియవలెనన్నచో ఆ మాంసకృత్తు పట్టు ఎంత గట్టిదో తెలియవలెను.

సంయోగం, వియోగం

ఈద్ నమాజు ముగిసిన తరువాత ఈద్గా మైదానాన్ని తలచుకొనండి. వందలాదిమంది ఒకరినొకరు కౌగిలించుకొని శుభాకాంక్షలు చెప్పుకొనుచుందురు. కొందరు క్షణమాత్రం కలిసి విడిపోదురు. చిరకాల మిత్రులు చాలాసేపు విడువరు. ఎత్తైన చోట నిలిచి ఒక ఫొటో తీసినచో ఆ క్షణంలో ఎన్ని జంటలు ఆలింగనంలో ఉన్నవో తెలియును. కాని ఏ జంట ఇప్పుడే కలిసినదో, ఏ జంట ఎప్పటినుండి ఉన్నదో ఫొటో చెప్పజాలదు. దానిని తెలుసుకొనుటకు సినిమా తీయవలెను.

మాంసకృత్తుల విషయమూ ఇంతే. రెండు మాంసకృత్తులు ఎంత త్వరగా కలియునో తెలిపే సంఖ్య 'సంయోగ వేగ స్థిరాంకం'. ఎంత త్వరగా విడిపోవునో తెలిపేది 'వియోగ వేగ స్థిరాంకం'. కావ్యాలలో సంయోగ వియోగాలను చదివే సాహిత్య విద్యార్థులకు ఈ మాటలు కొత్తవి కావు; విజ్ఞానశాస్త్రం వానికి అంకెలు చేర్చినది. రెండవ సంఖ్యను మొదటి సంఖ్యచే భాగించగా వచ్చునది 'వియోజన స్థిరాంకం'. గ్రాహకాలలో సరిగా సగం నిండుటకు ద్రావణంలో ఎంత గాఢతలో మాంసకృత్తు ఉండవలెనో అది తెలుపును. ఈ సంఖ్య ఎంత చిన్నదైన బంధం అంత గట్టిది.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. వియోజన స్థిరాంకం 10 నానోమోలార్ అనుకొనండి. చురుకైన క్రై మాంసకృత్తు అణుభారం సుమారు 65,000. కనుక ఆ గాఢత అనగా లీటరు నీటిలో 650 మైక్రోగ్రాములు, అనగా ఒక గ్రాములో వెయ్యవ వంతు కంటె తక్కువ. ఇప్పుడు రెండు జంటలున్నవి. మొదటి జంట వియోగ వేగం సెకనుకు 0.001, దానిలో సగం బంధాలు తెగిపోవుటకు సుమారు 693 సెకన్లు, అనగా పదకొండున్నర నిమిషాలు పట్టును. రెండవ జంట వియోగ వేగం సెకనుకు 0.1, దానిలో సగం బంధాలు 7 సెకన్లలోనే తెగిపోవును. అయితే రెండవ జంట నూరురెట్లు వేగంగా కలియును గనుక రెండింటి వియోజన స్థిరాంకం ఒక్కటే!

ఫొటోలో రెండు జంటలూ సమానమే. కాని నీటితో కడిగి చూచే పరీక్షలో రెండవ జంట నిలువదు. విత్తనం బీటీయా కాదా అని ఆకు రసంతో చూచే పరీక్షలకు ప్రతిరక్షకాలను ఎన్నుకొనునప్పుడు ఈ భేదం ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. త్వరగా వదలిపెట్టే ప్రతిరక్షకాన్ని ఎన్నుకొన్నచో ఉన్న మాంసకృత్తు లేనట్లు కనబడును.

బంగారు రేకుపై కాంతి

ఇక పరికరం సంగతి. గాజు నుండి నీటిలోనికి వెళ్ళే కాంతికిరణం ఒక హద్దు దాటిన కోణంలో పడినచో బయటకు పోక పూర్తిగా వెనుకకు మరలును. దీనిని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. కాంతి ఇట్లు వంగుటను, మరలుటను గూర్చిన విచారణలో అరబ్బీ భాషలో వ్రాసిన పండితుల పాత్ర గొప్పది. 10వ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్ కటకాలను గూర్చి వ్రాయుచు వక్రీభవన నియమాన్ని రేఖాగణిత రూపంలో వాడినాడు. ఐరోపాలో స్నెల్ దానిని కనుగొన్నది ఆరు శతాబ్దాల తరువాత. ఇబ్న్ అల్ హైసమ్ 'కితాబ్ అల్ మనాజిర్' దృక్‌శాస్త్రానికి పునాదిరాళ్ళలో ఒకటి.

సంపూర్ణంగా మరలినను కాంతి ప్రభావం గాజును దాటి అవతల వైపునకు కొద్ది వందల నానోమీటర్ల మేర వ్యాపించి క్షీణించును. ఇప్పుడు గాజు పటకంపై సుమారు 50 నానోమీటర్ల మందం గల బంగారు పొర పూయండి. బంగారంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రానులున్నవి. ఒక ప్రత్యేక కోణంలో కాంతి పడినపుడు ఆ ఎలక్ట్రానులు సామూహికంగా ఊగి కాంతిశక్తిని గ్రహించును. ఉయ్యాలను సరియైన సమయంలో తోసినపుడే అది ఎత్తుకు ఊగును గదా! ఇదియు అట్టి అనునాదమే. ఆ కోణంలో తిరిగి వచ్చే కాంతిలో ఒక నల్లని చార కనబడును.

ఈ నల్లని చారలను 1902లోనే అమెరికాలో రాబర్ట్ వుడ్ వేరొక అమరికలో చూచినాడు గాని కారణం చెప్పలేకపోయినాడు. 1968లో జర్మనీలో ఒట్టో, క్రెట్ష్‌మన్, రేథర్ అను శాస్త్రజ్ఞులు పటకంతో దానిని సులభంగా సృష్టించే మార్గాలు చూపిరి. 1983లో స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంలో లీడ్‌బర్గ్, నిలాండర్, లుండ్‌స్ట్రోమ్ దీనిని జీవపదార్థాల గుర్తింపునకు వాడిరి. 1990లో 'బయాకోర్' అను పేరుతో పరికరం విపణిలోనికి వచ్చినది.

ఆ నల్లని చార ఏ కోణంలో పడునో బంగారానికి అవతల అంటియున్న ద్రవం వక్రీభవన గుణకంపై ఆధారపడును. నీటికంటె మాంసకృత్తు వక్రీభవన గుణకం ఎక్కువ. కనుక బంగారంపై మాంసకృత్తు చేరినకొద్దీ చార జరుగును. చార జరుగుట 0.1 డిగ్రీ అయినచో చదరపు మిల్లీమీటరుకు సుమారు ఒక నానోగ్రాము మాంసకృత్తు చేరినదని లెక్క. ఈ 0.1 డిగ్రీని వేయి ప్రమాణాలుగా భాగించి కొలుతురు. బంగారాన్ని తూచే కాటాను విన్నాము. బంగారమే తక్కెడ అయిన కాటా ఇది! మాంసకృత్తుకు రంగు గాని, రేడియోధార్మిక పదార్థం గాని అంటించనవసరం లేదు.

పటాన్ని చదువు విధం

బంగారు రేకుపై సన్నని డెక్‌స్ట్రాన్ పొర వేసి, దానికి గ్రాహకాన్ని అతికింతురు. దానిపై సన్నని కాలువలో మొదట కేవలం బఫర్ ద్రావణాన్ని పంపుదురు; పటంపై గీత సమతలంగా సాగును. తరువాత క్రై మాంసకృత్తు కలిపిన ద్రావణాన్ని పంపగా గీత పైకి లేచును. ఇది సంయోగ దశ. కలియునవి, విడిపోవునవి సమానమైనపుడు గీత మరల సమతలమగును. అటుపిమ్మట మరల బఫర్ పంపగా గీత మెల్లగా దిగును. ఇది వియోగ దశ. చివర ఆమ్లం వంటి ద్రావణంతో మిగిలిన బంధాలను తెంచి, అదే రేకును తిరిగి వాడుదురు.

దిగే గీతను ఎట్లు చదువవలెనో చూడండి. 200 ప్రమాణాలున్న గీత 100 సెకన్లలో 181కి దిగినదనుకొందాం. 200ను 181చే భాగించి సహజ సంవర్గమానం తీసుకొనగా సుమారు 0.1 వచ్చును. దానిని 100చే భాగించగా వియోగ వేగం సెకనుకు 0.001. మనం పైన చూచిన మొదటి జంట ఇదే. లేచే గీతను ఒక్కసారి చూచి తృప్తి పడక, నాలుగైదు వేర్వేరు గాఢతలలో చూచి సంయోగ వేగాన్ని లెక్కింతురు. గ్రాహకం అతికించని మరొక కాలువలో వచ్చిన మార్పును ఎల్లప్పుడూ తీసివేయుదురు; లేనిచో ద్రావణం మారుటవలన కలిగే మార్పు బంధంగా భ్రమింపజేయును.

పత్తి పొలానికి చెప్పిన పాఠం

1995లో లూక్ మాసన్, ఆయన సహచరులు ఈ పద్ధతితో ఒక ముఖ్యమైన ప్రయోగం ప్రకటించిరి. అమెరికాలో పొగాకును తినే మాండుకా సెక్స్‌టా అను పురుగు పేగునుండి అమైనోపెప్టిడేజ్ గ్రాహకాన్ని శుద్ధిచేసి, దానిపై మూడు సోదర మాంసకృత్తులను పరీక్షించిరి. మూడూ దానిని పట్టుకొన్నవి. కాని ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమిన్ అను చక్కెరను కలిపినపుడు క్రై1ఏసీ పట్టు తప్పినది. క్రై1ఏఏ, క్రై1ఏబీల పట్టు తప్పలేదు. ఒకే గ్రాహకంపై ఒకటికంటె ఎక్కువ పట్టుచోట్లు ఉన్నవనియు, సోదరులైనను అన్నియు ఒకే తీరున పట్టుకొనవనియు ఇందువలన తేలినది.

ఇది రైతునకు ఎందుకు ముఖ్యం? రెండు విషాలు ఒకే చోటును పట్టుకొనునవైనచో ఆ చోటు మారిన పురుగు రెండింటినీ ఒకేసారి తప్పించుకొనును. ఒకే తాళానికి రెండు చెవులు చేయించి రెండు తాళాలు వేసితిమని అనుకొన్నట్లు! అందుచేతనే రెండవదానిగా క్రై2ఏబీని ఎన్నుకొనిరి. క్రై1ఏసీ పట్టుకొనే చోటును అది పంచుకొనదని బంధన ప్రయోగాలు చూపినవి.

ఇంత జాగ్రత్త పడినను గులాబీరంగు పురుగు గెలిచినది. 2008లో గుజరాత్‌లోని అమ్రేలీ ప్రాంతంలో సేకరించిన పురుగులలో క్రై1ఏసీని తట్టుకొనే శక్తి కనబడినది. 2014లో ప్రచురితమైన పరిశోధనలో, భారతదేశపు పొలాలలోని అట్టి పురుగులలో కాడ్‌హెరిన్ గ్రాహకం తయారీకి ఆధారమైన సందేశాలు అనేక విధాల తెగి, మారిపోయినట్లు వెల్లడైనది. చెవి మారలేదు, తాళమే మారినది. మొదటి మాంసకృత్తు బలహీనపడిన చోట్ల రెండవది ఒంటరిగా భారం మోయవలసి వచ్చినది. తరువాతి దశకంలో దానికి కూడ పురుగు అలవాటు పడినది. గులాబీ పురుగు తాకిడి మన రాష్ట్రంలోని పత్తికి కూడ తప్పలేదు.

తొలి సంవత్సరాలలో 450 గ్రాముల బీటీ విత్తనాల సంచితోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనాల చిన్న సంచి ఇచ్చెడివారు. ఆ విత్తనాలను చేను చుట్టూ వేయవలెనని నియమం. అక్కడ బ్రతికిన సామాన్యపు పురుగులు, విషాన్ని తట్టుకొన్న ఏ కొద్ది పురుగులతోనో జతకట్టగా పుట్టిన సంతానంలో మారని గ్రాహకం కొంతైనా మిగులును. ఆ విధంగా పురుగు జాతిలో పట్టు నిలిచి ఉండును. పనికిరాని విత్తనమని అనేకులు ఆ సంచిని పారవేసిరి. పారవేసినది 120 గ్రాముల విత్తనం కాదు. 450 గ్రాముల విత్తనానికి ఉన్న ఆయుస్సు.

మిరప టిక్కీలో విషం

మిరపకాయలు కల్లంలో ఎండుచుండగా వాన గాని, అధిక తేమ గాని తగిలినచో ఆస్పర్జిల్లస్ జాతి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అను విషం పుట్టును. ఐరోపా దేశాలు సుగంధద్రవ్యాలలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములకు మించరాదని హద్దు విధించినవి. 40 కిలోల టిక్కీ మొత్తంలో ఇది 0.2 మిల్లీగ్రాము మాత్రమే. అంతకు మించినచో ఎగుమతి చేసిన సరుకు వెనుకకు రావచ్చును.

ఇక్కడొక చిక్కు కలదు. అఫ్లాటాక్సిన్ బీ1 అణుభారం 312 మాత్రమే. ప్రతిరక్షకం అణుభారం సుమారు 1,50,000. ఇంత తేలికయైన అణువు రేకుపై చేరినను చార జరిగినట్లే కనబడదు. కనుక శాస్త్రజ్ఞులు తలక్రిందుల మార్గం అనుసరించిరి. రేకుపై ముందే అఫ్లాటాక్సిన్‌ను అతికింతురు. మిరప రసంలో తెలిసిన మోతాదులో ప్రతిరక్షకాన్ని కలుపుదురు. రసంలో విషమున్నచో అది ప్రతిరక్షకాన్ని ముందే ఆక్రమించును. రేకును పట్టుకొనుటకు మిగిలినవి తక్కువగును. గీత ఎంత తక్కువ లేచిన విషం అంత ఎక్కువ. సభకు వచ్చినవారిని లెక్కించలేక ఖాళీ కుర్చీలను లెక్కించినట్లన్నమాట. కాంతి రేకు వెనుక నుండియే వచ్చి మరలును గనుక రసం ఎర్రదనం కొలతకు అడ్డురాదు. కాని రసంలోని నూనెలు, ఇతర పదార్థాలు రేకునకు అంటుకొనును; రసాన్ని ముందుగా శుభ్రపరచక తప్పదు.

పరిమితులు

ఈ పరికరం సర్వజ్ఞం కాదు. రేకుపై అతికించిన గ్రాహకం పేగు గోడపైనున్న గ్రాహకం వలెనే ప్రవర్తించునని చెప్పలేము. అతికించునప్పుడు పట్టుచోటు క్రిందికి ఉన్నచో ఉన్న బంధం లేనట్లు కనబడును. గ్రాహకాలు మరీ దట్టంగా ఉన్నచో విడిపోయిన మాంసకృత్తు ప్రక్క గ్రాహకాన్నే తిరిగి పట్టుకొని, బంధం ఉన్నదానికంటె గట్టిదని భ్రమ కలిగించును. అన్నింటికంటె ముఖ్యం, పట్టుకొనుట చంపుటకు మొదటి మెట్టు మాత్రమే. గట్టిగా పట్టుకొన్నను రంధ్రం చేయలేని మాంసకృత్తు పురుగును చంపదు. అందుచేత రేకుపై వచ్చిన సంఖ్యను పురుగులకు మేతగా పెట్టి చూచిన ఫలితంతో పోల్చకుండ ఎవరూ తుది నిర్ణయం చేయరు.

విద్యార్థులకు, పాలకవర్గానికి

ఈ ఒక్క పరికరంలో భౌతికశాస్త్రం కాంతిని ఇచ్చినది. రసాయనశాస్త్రం వేగ స్థిరాంకాలను ఇచ్చినది. జంతుశాస్త్రం పురుగును, వృక్షశాస్త్రం పత్తిని ఇచ్చినవి. గణితం గీతను చదివినది. ఈ శాఖలు కళాశాలలో వేర్వేరు గదులలో ఉన్నను పొలంలో అన్నీ ఒక్కచోటనే ఉన్నవి. ఈ పరికరం కొనుట మన వంటి కళాశాలకు సాధ్యం కాకపోవచ్చును. కాని ఒక గాజు పటకం, ఒక చిన్న లేజరు, ఒక కోణమాని ఉన్నచో సంపూర్ణాంతర పరావర్తనాన్ని ప్రతి విద్యార్థీ తన చేతితో చేసి చూడగలడు. నీటికి బదులు చక్కెర నీరు వాడినచో హద్దు కోణం ఎంత మారునో కొలువగలడు. పరికరం మూలసూత్రం అంతకంటె వేరు కాదు. పాలకవర్గం వారు ఈ కొద్దిపాటి సామగ్రిని సమకూర్చి, వేర్వేరు శాఖల విద్యార్థులచేత ఈ ప్రయోగాన్ని కలిపి చేయించినచో మేలు.

మన విద్యార్థులలో చాలామంది పత్తి, మిరప పండించే ఇండ్లనుండి వచ్చినవారే. విత్తన సంచి విప్పునప్పుడు, పురుగు మందు కొనునప్పుడు ఇంటివారు వారిని సలహా అడుగుదురు. 'ఇది పనిచేయునా?' అను ప్రశ్నకు అవునని గాని కాదని గాని తొందరపడి చెప్పక, దేనిని పట్టుకొని పనిచేయును, ఆ పట్టు ఎంతకాలం నిలుచును, దానిని నిలుపుటకు మనమేమి చేయవలెను అని విచారించే అలవాటు వారికి కలిగినచో ఈ చదువునకు సార్థకత చేకూరును.